క్లివోన్ నాడు తినే పాము

మా వీధిలో బుర్ర ఉన్నవాళ్ళు లేరని నేను అనను. ఉన్నారు, దాన్ని వాడటానికే బద్ధకం. పొనీరా మా వీధి వదిలి వెళ్ళి ఏడాదవుతోంది. ఇప్పటికీ ఆమె మాట వస్తే చాలు, "పాపం, ఆ పాము పిచ్చిలో పడకుండా ఉంటే ఎంత బాగుండేది" అని నిట్టూరుస్తారు. తప్పంతా పాముది, లేదంటే ఆమెది. తాము చేసింది మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. నాకు గుర్తుంది. మరిచిపోదామని చూశాను, కుదరలేదు. అందుకే చెబుతున్నాను.

నా పేరు దర్మిని. మెరాపి కొండ వాలులో మా ఊరు. వీధి మొదట్లో నాకో కొట్టు ఉంది. కాఫీ, టీ, అరిటాకులో అన్నం, వేయించిన టెంపే అనే సోయా ముక్కలు అమ్ముతాను. వాటితో పాటు ఉప్పు, సబ్బులు, అగ్గిపెట్టెలూ ఉంటాయి. కొట్టును ఆనుకుని ఒకే కప్పు కింద ఐదు గదుల వరుస. ఆ వరుసంతా మా వీధి పెద్ద బర్దిగారిది. మొదటి గదిలో నేను, రెండో గదిలో పొనీరా. మధ్య గోడ ఎంత పలచనిదంటే, ఆమె ఇస్త్రీ పెట్టె బల్ల మీద ఆనించిన చప్పుడు నా మంచం మీదికి వినిపించేది. పంతొమ్మిదేళ్ళు విన్నాను.

పొనీరాకు అప్పుడు యాభై మూడేళ్ళు. పొన్ రోజున పుట్టింది కాబట్టి ఆ పేరు. మా దగ్గర ఏడు రోజుల వారం పక్కనే లెగి, పొన్, క్లివోన్ లాంటి పేర్లతో ఐదు రోజుల సంత వారం కూడా నడుస్తుంది. పెళ్ళికైనా ప్రయాణానికైనా ఆఖరికి బావి తవ్వడానికైనా రెండూ చూసుకుంటాం. ఆమె పుట్టిన రోజు మంచిదే అనేవాళ్ళు. ఆ మంచి ఎటు పోయిందో మరి. పదమూడో ఏట ఇస్త్రీ పెట్టె పట్టింది. ఇద్దరు చెల్లెళ్ళను పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపింది. తనకు దొరికిన మొగుడు బస్సు క్లీనరు. సుమత్రాలో పామాయిల్ తోటల్లో పనుందని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఐదేళ్ళు చూసి, అతగాడు వదిలేసిపోయిన మూడు చొక్కాలనూ శుభ్రంగా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పక్క వీధిలో ఓ ముసలాయనకు ఇచ్చేసింది. ఆ రోజు తప్ప మొగుడి మాట ఆమె నోట నేను వినలేదు.

అలాంటి మనిషి పామును తెచ్చుకుంది. పిల్లి కాదు, చిలకా కాదు. పాము.

ఆదివారం పొద్దున ఊరి మైదానంలో పాములు పెంచేవాళ్ళ గుంపొకటి కూర్చుంటుంది. పిల్లల మెడల్లో పాములు వేసి ఫోటోలు తీయిస్తారు, భయపడొద్దని పాఠాలు చెబుతారు. బట్టల మూట ఇచ్చి వస్తూ పొనీరా ఒకనాడు అక్కడ ఆగింది. ఒక చిన్న కొండచిలువ పిల్లను చేతి మీద పెట్టారు. జానెడున్నర ఉంటుంది, గోధుమరంగు మీద నల్ల మచ్చలు. విషం లేదు. భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. ఆ పిల్ల ఆమె మణికట్టుకు చుట్టుకుని కదలకుండా ఉండిపోయిందట. తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళింది. ఆరు ఆదివారాలు వెళ్ళింది.

"ఏముందక్కా అందులో?" అని అడిగాను.

"చల్లగా ఉంటుంది దర్మినీ" అంది. "నలభై ఏళ్ళ నించీ వేడి పట్టుకున్న చెయ్యే ఇది. ఎవరూ ఇంత చల్లటిది ఇందులో పెట్టలేదు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆమె మోచేతి వరకూ ఇస్త్రీ పెట్టె వాతలే. అవి చూస్తూనే నవ్వాను.

ఆ గుంపుకు పెద్ద అగుంగ్ అని మోటారు సైకిళ్ళ మెకానిక్. అతను పామును ఊరికే ఇస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ముందు ఇల్లు సిద్ధం చెయ్యండమ్మా. పామును చేతిలో పెట్టుకుని ఇల్లు వెతికేవాళ్ళకి నేనివ్వను. పెద్ద గాజు పెట్టె ఇప్పుడే అక్కర్లేదు. అంత చోటిస్తే ఇంత పిల్ల బెదిరిపోయి తిండి మానేస్తుంది. ఆర్నెల్లకి ఓ ప్లాస్టిక్ డబ్బా చాలు. నేనొచ్చి చూస్తా, బాగుంటే తెస్తా."

ఆ డబ్బా తయారుచేయడానికి పొనీరాకు పది రోజులు పట్టింది. నేను కళ్ళారా చూశాను. మంచి బట్టలు దాచుకునే మూత డబ్బా ఒకటుండేది ఆమెకు. పెళ్ళినాటి రవిక, చెల్లెళ్ళు పెట్టిన బతిక్ అద్దకం గుడ్డలు అందులోనే ఉండేవి. వాటిని తీసి బియ్యపు గోనెలో కుక్కేసింది. గాలికి కన్నాలు కావాలి కదా. పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టెను అటక మీదినుంచి దింపి, బొగ్గులు రాజేసి, అందులో మేకును ఎర్రగా కాల్చి, పట్టుకారుతో పట్టుకుని ఒక్కొక్క కన్నమే పొడిచింది. లోపలి నుంచి బయటికి పొడవాలట. లేకపోతే లోపల అంచులు పొడుచుకొచ్చి పాము ముక్కు గీసుకుంటుందట. కొబ్బరి చిప్పకు ఒక పక్క గుమ్మంలా నరికి బోర్లించింది, అది దాక్కునే గది. మట్టి మూకుడులో నీళ్ళు. కింద ఇస్త్రీ చేసిన తువ్వాలు నాలుగు మడతలు.

అగుంగ్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "తువ్వాలొద్దమ్మా, పేపరు వెయ్యండి. పేపరైతే తడి కనబడుతుంది, తీసి పారేస్తారు. ఈ మూత చూడండి, మూల లేస్తోంది. తల దూరిన సందులో దాని ఒళ్ళంతా దూరుతుంది."

పొనీరా చిన్నబుచ్చుకోలేదు. రిక్షా తొక్కే సమీరాన్ దగ్గర పాత ట్యూబు అడిగి, పట్టీలు కోసి, మూతను అడ్డంగా నిలువుగా బిగించింది. పాత పేపర్లు నా కొట్లోంచే తీసుకెళ్ళింది. మర్నాడు గోడ అవతల ఇస్త్రీ చప్పుడు వింతగా ఉంటే వెళ్ళి చూశాను. పేపర్లు ఇస్త్రీ చేస్తోంది. మడతలుంటే దాని పొట్టకు గుచ్చుకుంటాయేమో అంది. ఇంతకంటే పిచ్చిపని నా జీవితంలో చూడలేదు. ఇంతకంటే ముద్దొచ్చే పనీ చూడలేదు.

మా ఊరు కొండ మీద కాబట్టి తెల్లవారుజామున చలి. డబ్బాకు ఒక కొస వెచ్చగా ఉండాలన్నాడు అగుంగ్. పాలపొడి డబ్బాలో చిన్న బల్బు పెట్టి, దాన్ని అరకు కింద ఒక మూలన కట్టింది. అరమీద డబ్బా. పైన పాత బతిక్ గుడ్డ కప్పింది, మొదటి వారం దాన్ని ఎవరూ కదిలించకూడదు కాబట్టి. రెండోసారి వచ్చినప్పుడు అగుంగ్ కన్నాల మీద వేలు పెట్టి తడిమాడు, మూత లాగి చూశాడు. బయటికెళ్ళి, బండి మీదున్న గుడ్డసంచి తెచ్చాడు. పొనీరా దానికి ఉంతెల్ అని పేరు పెట్టుకుంది. చుట్ట చుట్టుకున్నది అని అర్థం.

ఇంతవరకూ ఎవరికైనా ఏమైనా నష్టం ఉందా? చెప్పండి.

ఇక తిండి సంగతి. అంత పాముకు ఐదారు రోజులకో ఎలుకపిల్ల చాలు, అప్పుడప్పుడే బొచ్చు వస్తున్నది. దాన్ని ఎక్కడ కొంటాం? మా ఊరి పశువుల సంత ఐదు రోజులకోసారి, క్లివోన్ నాడు. మేకలు, కోళ్ళు, పావురాల మధ్య జుమాది అనే ముసలాయన ఎలుకలు పెట్టుకుని కూర్చుంటాడు. మిగతా నాలుగు రోజులూ ఆయన ఎక్కడో కొండ పైన ఉంటాడు. తల్లి లేని ఎలుకపిల్ల రాత్రి గడిచేసరికి చస్తుంది. దాచుకోవడానికి పొనీరాకు ఫ్రిజ్ లేదు. కాబట్టి క్లివోన్ నాడు కొంటుంది, ఆ సాయంత్రమే పెడుతుంది. పాము సిగ్గరిది, వెలుగులో తినదు. అందుకని తలుపు వేసి, దీపం ఆర్పి, గంటసేపు గోడకు ఆనుకుని కూర్చుంటుంది. అంతే. ఇందులో ఇంకేమీ లేదు.

కానీ క్లివోన్ అంటే మా వాళ్ళకు వేరు. ఆ రోజు దయ్యాలు తిరుగుతాయని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. డబ్బు కోసం పాముతో ఒప్పందం చేసుకునేవాళ్ళుంటారని, వాళ్ళు చీకటి గదిలో పామును కొలుస్తారని, అది సొమ్ము ఇచ్చి బదులుగా మనిషిని అడుగుతుందని. ముందు పొరుగింటి పిల్లల్ని, తర్వాత సొంతవాళ్ళని. ఆ కథలు నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పింది, నేను నోరు తెరుచుకుని విన్నాను.

ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే కొట్లో నలుగురైదుగురు చేరారు. సమీరాన్ కాఫీ ఊదుకుంటూ అడిగాడు. "వదినా, పక్క గదిలో గుడ్డ కప్పి, కింద దీపం పెట్టి ఉంటుందే, ఏంటది?"

"అదా, దొరగారు" అన్నాడు పక్కనున్నవాడెవడో, వెటకారంగా.

"దొరగారే మరి" అని నేనందుకున్నాను. "ప్రతి క్లివోన్‌కీ నైవేద్యం పెట్టాలి. తలుపులేసి, దీపమార్పి మరీ పెట్టాలి. మర్చిపోతే గోడ దూకొచ్చి నన్ను మింగుతారు. నేనైతే బాగా కండపట్టి ఉన్నానుగా."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నా నోరు అలాంటిది. మాట బాగా పేలితే చాలు, అది ఎవరి మీద పడుతుందో చూసుకోదు.

ఆ మాట మూడు క్లివోన్‌లు ఊరు తిరిగి నా కొట్టుకే వచ్చింది. తెచ్చింది వినర్సి, నాలుగో గదిలో ఉంటుంది. వాళ్ళ పిల్లకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో నాలుగు రోజులు పెట్టారు. టైఫాయిడ్ అన్నారు డాక్టర్లు. మా వీధి మురుగు కాలవ చూస్తే డాక్టరు కాని వాళ్ళు కూడా ఆ మాటే అంటారు. పిల్ల తేరుకుని ఇంటికొచ్చి బొమ్మలతో ఆడుకుంటోంది. తల్లి మాత్రం నా బల్ల మీద మోచేతులాన్చి గొంతు తగ్గించింది.

"విన్నావా దర్మినీ? ఆవిడ పెడుతున్నది క్లివోన్ నాడేనట. మా పిల్లకి ఒళ్ళు కాలింది ఏ రోజనుకున్నావ్? క్లివోన్ మర్నాడే."

"ఐదు రోజులకోసారి వచ్చే రోజు వినర్సీ. ఎప్పుడు జ్వరమొచ్చినా దానికి ముందో వెనకో క్లివోన్ ఉంటుంది."

"నిప్పు లేందే పొగ రాదు. కొత్త ఇస్త్రీ పెట్టె కొంది చూశావా? కరెంటుది. ఎక్కణ్ణించొచ్చింది సొమ్ము?"

నాకు ఒళ్ళు మండిపోయింది. సొమ్ముల పాము కొంపలో ఉంటే మనిషి మేడ కడుతుందా, ఇస్త్రీ పెట్టె కొంటుందా? ఇంత చేతకాని పామును ఎవరు కొలుస్తారు? ఆ మాటే అనేదాన్ని. కానీ ఆ మాట అంటే, తర్వాత ఇంకో మాట కూడా అనాల్సి వచ్చేది. ఆ నైవేద్యం, దొరగారు అన్నదంతా నా ఎగతాళేనని. నా నోటి దాకా వచ్చింది. వినర్సి ఇంట్లో నలుగురూ పొద్దున్నే నా దగ్గరే తింటారు. మింగేశాను.

"రెండు కిలోలు రాళ్ళుప్పు ఇవ్వు" అంది వినర్సి. పాము ఉప్పు దాటదని మా వాళ్ళ నమ్మకం. ఆ రోజు ఐదుగురు ఉప్పు కొన్నారు. ఐదుగురికీ అమ్మాను. సాయంత్రానికి పొనీరా గడప చుట్టూ తెల్లటి గీత. ఆమె బట్టల మూటతో వచ్చి, దాన్ని చూసి, చీపురు తెచ్చి ఊడ్చింది. మర్నాడు మళ్ళీ గీత. మళ్ళీ ఊడ్చింది. మూడో రోజు తలుపు కింద సందులోంచి లోపలికి కూడా చల్లారు. డబ్బా నేల మీద ఉంటే ఏమయ్యేదో. అప్పుడు మొదటిసారి ఆమె గొంతు వీధిలో లేచింది.

"నా ఇస్త్రీ బట్టల మీద ఉప్పు పోసిందెవరు? ముందుకు రండి. పాముకి భయపడేవాళ్ళు, నాకు కూడా భయపడండి."

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ వారంలో ముగ్గురు బట్టలివ్వడం మానేశారు. ఆమె చేతి బట్టకు పాము ఊపిరి అంటుతుందట. పంతొమ్మిదేళ్ళు వాళ్ళ చొక్కా కాలర్లకు అంటింది ఈమె ఊపిరే, అది ఎవరికీ పట్టలేదు.

ఆదివారం పొద్దున వీధంతా కలిసి కాలవ తీశాం, నెలకోసారి తీస్తాం. తర్వాత బర్దిగారి అరుగు మీద టీ, ఉడికించిన కర్రపెండలం. అందరూ ఉండగా ఆ మాట ఎత్తుదామని బర్దిగారు ముందే అనుకున్నారని నాకు తెలుసు. ఆయన మంచివాడే. ఎవరూ నొచ్చుకోకూడదని చూసే మంచితనం. ఆ మంచితనం ఎప్పుడూ ఎక్కువమంది ఉన్న వైపే నిలబడుతుంది.

"పొనీరా, ఎవరూ నిన్ను తప్పు పట్టడం లేదు" అని మొదలుపెట్టారు. "కానీ ఇంట్లో పిల్లలున్నవాళ్ళు భయపడుతున్నారు. పామును ఎక్కడైనా వదిలేస్తే గొడవే ఉండదు కదా?"

"ఎక్కడ వదలమంటారు? అది పుట్టిందే డబ్బాలో. దానికి అడవేంటో తెలీదు. వారంలో చస్తుంది."

"అయితే ఇచ్చినాయనకే తిరిగిచ్చెయ్" అంది వినర్సి.

పొనీరా ఆమె వైపు తిరిగింది. కాలవ బురద ఇంకా మోకాళ్ళ దాకా ఉంది. "ఎందుకివ్వాలి? నీ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు మీ ఆయన చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేసిచ్చింది ఎవరు? నా గదికి రండి. అందరూ రండి. బియ్యం గోనె ఒకటుంది, అందులో నా పెళ్ళినాటి రవిక ఉంది. ఒక కుంపటి, రెండు గిన్నెలు. సొమ్మెక్కడుందో వెతకండి. దొరికితే మీరే పట్టుకుపోండి, నాకొద్దు."

కొందరు తల దించుకున్నారు. ఎవరో ఇకిలించారు. కానీ ఎవరూ లేవలేదు. వెళ్ళి చూస్తే ఏమీ దొరకదని వాళ్ళకు తెలుసు. దొరక్కపోతే నమ్మకం ఎక్కడ పెట్టుకోవాలి?

అప్పుడు నేను నోరు తెరిచాను. నేను చాలా తెలివైన పని చేస్తున్నాననుకున్నాను. "క్లివోన్ నాడు పెట్టడానికి కారణం ఏమీ లేదు. ఎలుకలమ్మే జుమాది సంతకి వచ్చేది ఆ రోజే. కావాలంటే వెళ్ళి ఆయన్నే అడగండి. అసలు గొడవంతా రోజు గురించేగా? అక్క ఆ రోజు మార్చుకుంటుంది. ఎలుకని ఓ పూట నా ఐసు పెట్టెలో పెట్టి, మర్నాడు లెగి నాడు తిండి పెడుతుంది. ఇంకెవరికీ అభ్యంతరం ఉండదుగా?"

అరుగు మీద ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. బర్దిగారి మొహం వెలిగింది. "చూశారా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. దర్మిని చెప్పింది బాగుంది." వినర్సి కూడా కాస్త ఆలోచించి తలూపింది. లెగి అంటేనే తీపి అని అర్థం, ఆ రోజు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. పాము మా వీధిలోనే ఉండబోతోందని నాకు సంబరంగా అనిపించింది.

"మార్చను" అంది పొనీరా.

ఎవరికీ అర్థం కాలేదు.

"రోజు మారిస్తే, ఇన్నాళ్ళూ ఆ రోజున ఏదో చేశాననేగా? మీ భయానికి నేను సంతకం పెట్టినట్టేగా? రేపు ఇంకో పిల్లకి దగ్గొస్తే లెగి కూడా పనికిరాదంటారు. జుమాది క్లివోన్ నాడొస్తాడు. నేను క్లివోన్ నాడు కొంటా, క్లివోన్ నాడు పెడతా."

"తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎట్లా?" అన్నారు బర్దిగారు. మొదటిసారి ఆయన గొంతులో విసుగు. "అందరూ ఓ మెట్టు దిగారు. నువ్వూ దిగాలి. లేదంటే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

"చేస్తా" అని టీ గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. గ్లాసు నిండుగా ఉంది.

నాకు వాళ్ళందరి కంటే ఎక్కువ కోపం ఆమె మీద వచ్చింది. ఇంత కష్టపడి నేను ఒడ్డుకు లాగితే కావాలని నీళ్ళలోకి దూకుతుందా? తిన్నగా ఆమె గదికి వెళ్ళాను. అప్పటికే ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆ డబ్బా అరమీద ఉంది, గుడ్డ తీసి ఉంది. ఉంతెల్ కొబ్బరి చిప్ప గుమ్మంలోంచి తల బయట పెట్టి చూస్తోంది.

"రోజు మారిస్తే నీ సొమ్మేం పోయిందక్కా? పాముకి తెలుసా అది క్లివోనో, లెగియో? ఈ వయసులో ఎక్కడికి పోతావ్? పంతం ఉండొచ్చు, ఇంత ఉండకూడదు."

ఆమె కాలర్ తిప్పి ఇస్త్రీ చేసింది. తర్వాత చేతులు. మడతపెట్టి, పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది.

"ఆ మాట ఎక్కడ పుట్టిందో నీకేమైనా తెలుసా దర్మినీ? దొరగారని, నైవేద్యమని."

గట్టిగా అడగలేదు. మామూలుగా అడిగింది, బియ్యం ఉన్నాయా అని అడిగినట్టు. నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. గదిలో ఇద్దరమే ఉన్నాం. పంతొమ్మిదేళ్ళలో ఆమె నన్ను ఒక్కసారీ కసురుకోలేదు. నా జ్వరానికి గంజి కాచిన మనిషి.

"నాకేం తెలుసక్కా?" అన్నాను. "జనం నోళ్ళు."

"సరే" అని ఇంకో చొక్కా తీసుకుంది.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆమె ఏడు రోజుల్లోనే వెళ్ళిపోయింది. సంత అవతల వీధిలో అగుంగ్ వాళ్ళ పిన్నికి ఒక గది ఖాళీగా ఉందట. ఈ గది కంటే చిన్నది, కిటికీ లేదు. పెద్ద సామాను ముందే ఒక బండిలో పంపేసింది. పొద్దున పదింటికి సమీరాన్ రిక్షా వచ్చి ఆగింది. వీధిలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఏ తలుపులోనూ మనిషి లేదు. వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు. కనీసం ఒక్కరు బయటికొచ్చి వెళ్ళిరా అని ఉండొచ్చు. నిలువెల్లా మండిపోతూ నేనొక్కదాన్నే బయటికొచ్చాను. నేనొక్కదాన్నైనా వచ్చానని లోపల ఎక్కడో గర్వంగా కూడా ఉంది.

పొనీరా కొత్త ఇస్త్రీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో కూర్చుంది. బట్టల గోనె కాళ్ళ దగ్గర. పాము డబ్బా ఒక్కటే అరుగు మీద ఉంది, చివరగా ఎక్కించుకోవాలని. ట్యూబు పట్టీలు బిగించి ఉన్నాయి, పైన గుడ్డ కప్పి ఉంది.

సమీరాన్ దాని వైపు చూసి సీటు మీదే బిగుసుకుపోయాడు. అతనికి పామంటే చచ్చేంత భయం. "వదినా, నువ్వందియ్యవా" అన్నాడు నాతో.

నేను ఒంగాను. రెండు చేతులూ చాచాను. డబ్బా ఒక పక్క ఇంకా వెచ్చగా ఉంది, బల్బు తీసి ఎంతోసేపు కాలేదు. వేళ్ళు దాని అంచున పడ్డాయో లేదో, రిక్షా కిర్రుమంది.

ఆమె ఇస్త్రీ పెట్టెను సీటు మీద పెట్టి, గోనెను దాటుకుని, మెల్లగా కిందికి దిగింది. మోకాళ్ళ నొప్పి మనిషి, ఎక్కడానికే సమీరాన్ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. అరుగు దాకా నడిచొచ్చింది. నా చేతులు అంచు మీద నుంచి తీసి పక్కకు పెట్టింది, విసురుగా కాదు, బల్ల మీద అడ్డొచ్చిన బట్టను జరిపినట్టు.

"నువ్వు ముట్టుకోకమ్మా" అంది. "ఆ మాట ఎక్కడ పుట్టిందో సమీరాన్ నాకు ఎప్పుడో చెప్పాడు. అడిగిన రోజు నువ్వే చెబుతావనుకున్నా."

డబ్బాను గుండెకు ఆనించుకుని ఎత్తింది. మళ్ళీ రిక్షా ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఈసారి సమీరాన్ చెయ్యి కూడా పట్టుకోలేదు, రెండు చేతుల్లోనూ డబ్బా ఉంది. నేను అక్కడే, ఆ అరుగు ముందు, చేతులు చాచి నిలబడి ఉన్నాను.